తలుపు హాసెల్

డ్యుసెల్‌డోర్ఫ్‌లో క్విరిన్ హాసెల్ ఇల్లెక్కడ అని అడిగితే జనం నెత్తి గోక్కునేవారు. తలుపు హాసెల్ ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం బజార్లో ఆవముద్ద అమ్మే ఆడమనిషి కూడా చేతిలో గరిటెతోనే దారి చూపించేది. ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన వేసి అమ్ముకున్నది ఒకే బొమ్మ. సగం తెరిచిన తలుపు. తలుపు చెక్కకి చెయ్యి ఆనించి నిలబడ్డ పడుచు పిల్ల. ఆమె వెనక చీకటి గది. ఆమె చూపు పక్కకి, మనకు కనబడని దారి మీదికి. ఎవరికోసమో ఎదురు చూస్తోంది. ఎవరికోసమన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు కల్పించుకున్నారు. పడవ మీద పోయినవాడి కోసమని కొందరు, సైన్యంలో చేరినవాడి కోసమని కొందరు. ఒక పత్రికలో ఒక పెద్దమనిషి ఆ చూపు గురించే రెండు పేజీలు నింపాడు. దాని అచ్చుబొమ్మ రైన్ నదికి ఈవలా ఆవలా గోడ ఉన్న ప్రతి ఇంట్లోనూ వేలాడింది.

వేరే బొమ్మలూ వేశాడు పాపం. కోటలు వేశాడు, వరదలు వేశాడు, నీళ్లు తాగుతున్న ఆవుల్ని వేశాడు. వచ్చినవాళ్లు వాటిని మర్యాదకి ఒకసారి చూసి, చాలా బాగున్నాయి గానీ తలుపు దగ్గరి అమ్మాయి ఇంకొకటి దొరుకుతుందా అని అడిగేవారు. కడుపు మాట కాదనలేం. మళ్లీ తలుపే వేసేవాడు. అలా పదకొండు తలుపులు అయ్యాయి.

పన్నెండోది మొదలుపెట్టిన అక్టోబరు ఉదయం పూట ఆయనకు ఒక సంగతి జరిగింది. ఆ మొహం ఆయనకు చిన్నపిల్లలకి ప్రార్థన వచ్చినట్టు కంఠతా వచ్చు. నుదురు, ముక్కు, పెదవి, బొగ్గుముక్క దానంతట అది నడిచిపోతుంది. సగం మొహం గీశాక, ఎందుకో గానీ, ఇది నిజంగా ప్లోనీలా ఉందా అని ఒక ప్రశ్న పుట్టింది. కళ్లు మూసుకుని ప్లోనీని తలచుకోబోయాడు. వచ్చింది ప్లోనీ కాదు, పదకొండో బొమ్మ. దాన్ని పక్కకి నెడితే పదో బొమ్మ. దాని వెనక తొమ్మిదోది. ఎన్ని నెట్టినా కాన్వాసులే వస్తున్నాయి గానీ మనిషి రావడం లేదు. క్విరిన్ హాసెల్‌కి అప్పటికి అరవై రెండేళ్లు. బొగ్గుముక్క కింద పెట్టేసి మంచం మీద కూర్చుండిపోయాడు.

ప్లోనీ ఆయన భార్య. అసలు పేరు అపొలోనియా. అంత పొడుగు పేరు పెట్టి పిలిచే తీరిక పడవలవాళ్ల ఇళ్లలో ఎవరికీ ఉండదు. ఆమె తండ్రి, క్విరిన్ తండ్రి ఒకే పడవ లాగినవాళ్లు. క్విరిన్ బొమ్మలు నేర్చుకుంటానని చిత్రకళాశాలలో చేరినప్పుడు వాడలో అందరూ నవ్వితే, ఆమె మాత్రం తన చొక్కా చేతులు పైకి మడుచుకుని, ముందు నా మోచెయ్యి వెయ్యి చూద్దాం అంది. తలుపు బొమ్మకి నిలబడింది ఆమే. ఆ బొమ్మ అయిన తరవాతి వసంతంలో పెళ్లి. ఇంకో రెండు చలికాలాలు గడవకముందే కాన్పులో ఆమె పోయింది, బిడ్డా పోయింది. పెళ్లికి ముందు ఒకసారి ఫోటో తీయించుకుందామని సరదా పడింది. ఊళ్లోకి కొత్తగా ఫోటోల మనిషి దిగాడు. ఇంట్లో నేనుండగా పెట్టెలో తల దూర్చేవాడి దగ్గరికి పోవడమేమిటి, నలుగురూ నవ్వుతారు అని క్విరిన్ కొట్టిపారేశాడు. దీపం కిందే చీకటి అంటారు. ఆ ఇంట్లో ఆ చీకటి అలాగే ఉండిపోయింది.

ఆమెని ఎదురుగా నిలబెట్టి వేసిన బొమ్మ ఒక్కటే, మొట్టమొదటిది. అది నది అవతల నాయిస్ ఊళ్లో ఒక రొట్టెలవాడి ఇంట్లో ఉంది.

అక్కడికెలా పోయిందంటే, ఆ ఊరి చిత్రకళా సంఘానికి ఒక ఆచారం ఉంది. ఏడాది పొడుగునా సభ్యుల దగ్గర చందాలు పోగుచేసి మంచి బొమ్మలు కొంటారు. ఏడాది చివర సభ్యుల పేర్లు చీటీలు వేసి తీస్తారు. ఎవరి పేరు వస్తే బొమ్మ వాళ్లది. రానివాళ్లకి ఓదార్పుగా ఒక అచ్చుబొమ్మ ఇచ్చి పంపుతారు. చీటీకి పెద్దా చిన్నా తెలియదు. జమీందారుకీ తగలవచ్చు, కసాయికీ తగలవచ్చు. ఇరవై ఏడేళ్ల క్విరిన్ తన బొమ్మ ఏ కోటలోనో పొడుగాటి హాల్లో వేలాడుతుందని కలలు కంటూ ఉండగా, హూబెర్ట్ ఎస్సర్, రొట్టెల వ్యాపారి, నాయిస్ అని చదివారు. పక్కన కూర్చున్న స్నేహితుడు లాంబెర్ట్ పొట్ట పట్టుకుని నవ్వి, నీ ప్లోనీ విరిగి వెన్నలో పడిందిరా అన్నాడు. క్విరిన్‌కి తల కొట్టేసినట్టయింది.

సంఘానికి అప్పగించేముందు తన దగ్గర ఉంచుకోవడానికని అతను ఒక నకలు వేసుకున్నాడు. అచ్చుకోసం రాగిరేకు మీద చెక్కినవాడు ఆ నకలు చూసే చెక్కాడు. అచ్చుబొమ్మ ఊరూరా పాకి పేరొచ్చాక, ప్లోనీ పోయిన ఏడాది, అప్పుల్లో నకలు కూడా అమ్మేశాడు. ఆ తరవాత వేసినవన్నీ నకలుకి నకళ్లు.

రొట్టెల ఎస్సర్ మాత్రం ఏటా నవంబరులో, మార్టిన్ పండగకి, భోజనానికి రమ్మని ఉత్తరం రాసేవాడు. మొదట్లో క్విరిన్ పొగరుకొద్దీ వెళ్లలేదు. ప్లోనీ పోయాక ఆ బొమ్మని చూడలేక వెళ్లలేదు. ఆ తరవాత ఇన్నేళ్లూ వెళ్లనివాడు ఇప్పుడే మొహం పెట్టుకుని వెళ్లాలని సిగ్గుపడి వెళ్లలేదు. ఎస్సర్ కూడా పోయాడు. అయినా ఉత్తరం రావడం మానలేదు. చేతిరాత మాత్రం ఆడవాళ్లది.

కాలం మారింది. కుర్ర చిత్రకారులు ఇప్పుడు కాన్వాసులు చంకన పెట్టుకుని పొలాల్లోకి పోతున్నారు. ఎండని ఎండలా వేస్తున్నారు. క్విరిన్ తరంవాళ్లని వాళ్లు పులుసు గురువులంటారు. ఆ ఎగతాళిలో అబద్ధమేమీ లేదు. భూమిలోంచి తీసిన తారుని నూనెలో కరిగిస్తే చిక్కటి గోధుమరంగు వస్తుంది. దాన్ని పులుసులా పూస్తే చీకటికి బావిలోకి తొంగిచూసినంత లోతు వస్తుంది. దాంట్లో ఒకటే లోపం. అది ఆరినట్టుంటుంది, ఆరదు. చలికి గట్టిపడుతుంది, వేడికి మెత్తబడుతుంది. ఆ సంగతి కళాశాలలో అందరికీ తెలుసు. అందరూ ఆ లోపం పక్కవాడి బొమ్మకే వస్తుందని నమ్మారు.

క్విరిన్ మూడు రోజులు బొగ్గు ముట్టుకోకుండా కూర్చున్నాడు. నాలుగో రోజు లాంబెర్ట్ వచ్చాడు. అతను బొమ్మలు ఎప్పుడో మానేసి చిత్రకళా సంఘానికి కార్యదర్శి అయి, దానికి తగ్గట్టు పొట్ట కూడా పెంచాడు. సంఘం చీటీల్లో పోయిన పాత బొమ్మలన్నీ పోగుచేసి ప్రదర్శన పెడుతోందని చెప్పాడు. తలుపు బొమ్మ కోసం ఎస్సర్ భార్యకి రెండుసార్లు రాస్తే ఆవిడ ఒకే ఒక్క వాక్యం తిరిగి రాసిందట. బొమ్మ వేసినాయన వచ్చి అడిగితే ఆలోచిస్తాం అని.

“ఒరేయ్ క్విరిన్, వెళ్లి కాస్త తియ్యగా మాట్లాడి తీసుకురారా. నీ బొమ్మ లేకుండా ఆ ప్రదర్శన పెడితే పెళ్లికొడుకు లేని పెళ్లిలా ఉంటుంది.”

ప్రదర్శన ఏట్లో కలిసినా క్విరిన్‌కి పట్టదు. ప్లోనీ మొహం ఇంకా ఒక్క చోటే ఉంది. అది చూసి చచ్చిపోయినా ఫరవాలేదనుకున్నాడు. ఆ మాట లాంబెర్ట్‌తో అనలేదు. సరే, రేపు వెళ్తానని మాత్రం అన్నాడు.

రైల్లో వంతెన దాటితే నాయిస్ ఎంతో దూరం లేదు. ఎస్సర్ దుకాణం చర్చి వెనక సందులో ఉంది. మార్టిన్ పండగ దగ్గరపడిందని కిటికీ నిండా మనిషి ఆకారం రొట్టెలు, వాటి చేతుల్లో పొగతాగే మట్టిగొట్టాలు. లోపల బల్ల వెనక నలభై ఏళ్ల మనిషి నల్లరొట్టెలు కోస్తోంది. గట్టి భుజాలు, మోచేతుల దాకా పిండి. ఎడమకన్ను మెల్ల. మనవైపు చూస్తున్నా ఆ కన్ను పక్కకి పోతోంది. చూడగానే క్విరిన్ ఆ కన్నుని మనసులోనే లోపలికి జరిపి సరిచేశాడు. అది ఆయన అలవాటు. వీధిలో ఎవరి ముక్కు వంకరగా కనబడినా అక్కడికక్కడే నిలబెట్టేసి గానీ ముందుకు నడవడు.

పేరు చెప్పాడు. ఆమె కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి తిరిగి, “అమ్మా, వచ్చారు” అంది. ఎవరొచ్చారని లోపలినుంచి ఎవరూ అడగలేదు.

ఎస్సరమ్మ డెబ్భై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి. తెల్లటి కుచ్చుటోపీ కింద మొహం ఎంత ముడతలు పడిందో నాలుక అంత పదును. కర్ర పొడుచుకుంటూ వచ్చి, క్విరిన్‌ని కిందనుంచి పైదాకా చూసింది.

“ఏం నాయనా, దారి తప్పారా? ఏటి మీద వంతెన కట్టి కూడా పదేళ్లు దాటిందే.”

క్విరిన్ ఏదో సంజాయిషీ గొణిగాడు. ఆవిడ వినిపించుకోకుండా కూర్చోబెట్టి, నల్లరొట్టె, వెన్న, యాపిల్ పాకం ముందు పెట్టింది. కూతురి పేరు సిబిల్లా అని, పెళ్లి చేసుకోలేదని, తండ్రి పోయాక దుకాణం అంతా తన చేతిమీదే నడుస్తోందని అడగకుండానే చెప్పింది. క్విరిన్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ముందు బొమ్మ చూడవచ్చా అని అడిగాడు. తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిబిల్లా లేచి వెనకగది తలుపు తీసింది.

బొమ్మ ఎదురు గోడ మీదే ఉంది. బంగారు చట్రం నిన్న కొన్నట్టు తళతళలాడుతోంది. దాని లోపల ఉన్నదాన్ని చూసి క్విరిన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెనకున్న చీకటి గది తలుపు దాటి బయటికి నడిచి వచ్చేసింది. తారు జారి ఆమె భుజం మీదుగా గౌను దాకా పారింది. జుట్టు చెంపమీదికి కారింది. మొహం బీటలు వారి, బీటల్లోంచి గోధుమరంగు ఊరింది. ఒక కన్ను ముక్కు పక్కకి దిగజారిపోయింది. రెండోది తారులో మునిగిపోయింది. తలుపు చెక్క మీద ఆనించిన చెయ్యి ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. గోడ దగ్గరికి వెళితే సెగ కొట్టింది. చెయ్యి ఆనించి చూశాడు. రొట్టె పెనంలా ఉంది. గోడ అవతల బట్టీ.

మనిషికి దుఃఖం ముందొస్తుందో కోపం ముందొస్తుందో చెప్పలేం. క్విరిన్‌కి కోపమే ముందొచ్చింది.

“దీన్ని ఈ గోడకి ఎవరు పెట్టమన్నారండీ? అవతల బట్టీ మండుతోందని తెలీదా? ముప్పై అయిదేళ్లు దీన్ని కాల్చి చంపారే!”

“మీరే పెట్టమన్నారు నాయనా” అంది ఎస్సరమ్మ.

ఆవిడ గొంతు పెంచలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చింది. బొమ్మ వచ్చిన మొదటి వేసవిలోనే ఆ అమ్మాయి గౌనుకి ఒక ఈగ అంటుకుపోయింది. రంగు ఇంకా పచ్చిగా ఉందేమోనని ఎస్సర్ బెంగపడి, ఏం చెయ్యమంటారని చిత్రకారుడికి ఉత్తరం రాశాడు. జవాబొచ్చింది. ఆ జవాబు ఆవిడకు ఇప్పటికీ నోటికొచ్చు.

“‘వెచ్చని చోట పెట్టండి, ఆరుతుంది. బొమ్మ రొట్టె కాదు, వేలితో నొక్కి చూడకండి.’ అంతే రాశారు. మా ఆయన దాన్ని సువార్తలా నమ్మాడు. ఇంట్లో ఇంతకంటే వెచ్చని గోడ లేదు. పండగలకి దుకాణం మూసినా ఈ గోడ చల్లబడుతుందని రెండు కట్టెలు వేసి మరీ పడుకునేవాడు. చెడిపోతోందని మాకు కనబడుతూనే ఉంది. ఇంకా ఆరలేదు కాబోలు, ఇంకాస్త వెచ్చదనం కావాలి కాబోలు అనేవాడు. పోయేముందు కూడా కట్టెల సంగతి చెప్పే పోయాడు.”

క్విరిన్‌కి ఆ ఉత్తరం గుర్తొచ్చింది. బీరుకొట్టులో నలుగురు స్నేహితుల మధ్య కూర్చుని రాశాడు. బొమ్మ రొట్టె కాదన్న వాక్యం దగ్గర లాంబెర్ట్ బల్ల గుద్దుతూ నవ్వాడు. తారు వేడికి ఆరదని, కరుగుతుందని రాస్తున్నప్పుడు తెలుసు. తెలిసే రాశాడు. అవతలివాడు రొట్టెలవాడు, వాడి పీడ వదిలితే చాలు. ఆ రొట్టెలవాడు పండగపూట కూడా కట్టెలు మోసి, మాట నిలబెట్టాడు.

ఆయన అక్కడే ఉన్న పీట మీద కూలబడ్డాడు. “మీ తప్పు లేదమ్మా. ఆ రంగు వేడికి కరుగుతుందని నాకు తెలుసు. ఆయన్ని వదిలించుకోవాలని రాశాను” అన్నాడు. బొమ్మ వైపు చూపించి, “ఈమె నా భార్య. పోయి ముప్పై మూడేళ్లయింది. ఇంట్లో ఏ గుర్తూ లేదు. మొహం మర్చిపోయాను. చూసుకుందామని వచ్చాను” అన్నాడు.

ఎస్సరమ్మ కర్ర గోడకి చేర్చి, ఆయన పక్కన కుర్చీలో నెమ్మదిగా కూర్చుంది.

“ఆ మాట ముందే చెప్పకూడదా నాయనా. మేము డబ్బులిచ్చి నిలబెట్టిన మనిషెవరో అనుకున్నాం.”

సిబిల్లా మాత్రం బొమ్మ వైపే చూస్తూ, “పాడైపోయిందని మేము చూడ్డం మానలేదండీ. మాకు బాగా గుర్తే” అంది.

ఆ మాటతో క్విరిన్ తల ఎత్తాడు. నిజమే. తను రెండేళ్లు కాపురం చేసి మర్చిపోయిన మొహాన్ని వీళ్లు పొద్దున్నా సాయంత్రమూ చూస్తూ బతికారు. కాగితం ఏదైనా ఉందా అని అడిగాడు. సిబిల్లా రొట్టెలు చుట్టే కాగితం పెద్దది తెచ్చి పరిచింది. బొగ్గుముక్క ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. గీయడం మొదలుపెట్టాడు. ముసలివాడైనా చేతిలో పస తగ్గలేదు. నాలుగు నిమిషాల్లో నుదురు, ముక్కు, పెదవి, పక్కకి దారి వైపు తిరిగిన కళ్లు, అన్నీ వచ్చేశాయి. కాగితం వాళ్లవైపు తిప్పాడు.

“ఎవరీవిడ?” అంది ఎస్సరమ్మ.

క్విరిన్ కాగితాన్ని మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు.

“మా బొమ్మలోని అమ్మాయి కాదు నాయనా. అచ్చుబొమ్మలో ఉంటుందే, అందరి ఇళ్లలోనూ, ఆవిడ ఇది. మా అమ్మాయి గడ్డం ఇంత సన్నం కాదు. దిట్టంగా ఉండేది. దెబ్బలాటకి తయారన్నట్టు.”

గడ్డం చెరిపి దిట్టం చేశాడు. అవును, ప్లోనీ గడ్డం దిట్టమే. సన్నగా ఉంటే నాజూకని కొనేవాళ్లు అంటే, ఏ మూడో బొమ్మలోనో తనే చెక్కేశాడు. మూతి ఒక పక్కకి కాస్త పైకి ఉండేదని, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉండేదని సిబిల్లా చెప్పింది. అదీ దిద్దాడు. కనుబొమలు ఇంకా ఒత్తు అంది తల్లి. చెవి కొంచెం బయటికి అంది కూతురు. వాళ్లు చెప్పే ఒక్కొక్క ముక్కా ఆయన పెడుతూ పోయాడు. ఎవరో తెలిసిన మనిషి మెట్లెక్కి వస్తున్నట్టుంది. అయినా గుమ్మం దాటడం లేదు. ఇంకా ఏదో అడ్డుంది.

“కన్నండీ” అంది సిబిల్లా. “ఎడమకన్ను మెల్ల ఉండేది. కొంచెమే. నాలా.”

“అది తారు జారి అలా అయి ఉంటుందమ్మా.”

“కాదండీ. జారకముందే.” ఆమె చేతులు గౌనుకి తుడుచుకుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి. “నాకప్పుడు అయిదేళ్లు. వీధిలో పిల్లలు మెల్లదానా అని వెంటపడేవాళ్లు. నేను పిండిబస్తాల వెనక దాక్కునేదాన్ని. బొమ్మ వచ్చిన రోజు నాన్న నన్ను బస్తాల వెనకనుంచి లాగి, ఎత్తుకుని, దీని ముందు నిలబెట్టాడు. చూడు, బంగారు చట్రంలో ఉన్న అమ్మాయి కన్ను కూడా నీ కన్నులాంటిదే అన్నాడు. తరవాత నేను దాక్కోలేదు.”

క్విరిన్ చేతిలో బొగ్గుముక్క విరిగింది.

ప్లోనీ కన్ను ఎప్పుడూ అలా ఉండేది కాదు. అలిసిపోయినప్పుడు, దేన్నైనా చాలాసేపు నిదానంగా చూసినప్పుడు ఎడమకన్ను పక్కకి జారేది. బొమ్మకి గంటల తరబడి నిలబడితే జారకుండా ఎలా ఉంటుంది? ఇరవై ఏడేళ్ల క్విరిన్ ఉన్నది ఉన్నట్టు వేశాడు. బొమ్మ పూర్తయ్యాక గురువు చూసి పెదవి విరిచాడు. ఒక కన్ను తూర్పు, ఒక కన్ను పడమర, ఇదేం అందమయ్యా, రెండో కన్నుని కూడా దీని వెనకే పక్కకి పంపించు, దారి వైపు చూస్తున్నట్టుంటుంది, జనానికి ఒక కథ దొరుకుతుంది అన్నాడు. అప్పటికే కంటి రంగు ఆరింది, సంఘంవాళ్లు తీసుకుపోవడానికి వచ్చారు. అందుకని నకలులో దిద్దాడు. ప్లోనీ ఆ నకలు చూసి, ఇందాక ఈ ముసలావిడ అన్నట్టే, ఎవరీవిడ అంది. వేళాకోళమనుకుని అతను నవ్వాడు. ఆమె నవ్విందో లేదో చూడలేదు.

ఆ తరవాత వేసిన ప్రతి తలుపులోనూ దిద్దాడు. దిద్ది దిద్ది మనిషినే చెరిపేశాడు. తారు చేసిన పని ఎంత, తను చేసిన పని ఎంత.

ఆయన లేచి, కిటికీ పక్కన ఒక కుర్చీ వేసి, సిబిల్లాని కాసేపు కూర్చోమని అడిగాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల దాకా ఎర్రబడింది. పుట్టి నలభై ఏళ్లయినా, నీ మొహం గీస్తానని ఆమెతో ఎవరూ అనలేదు.

“నా కన్నా?” అంది.

“మీ కన్నే. దిద్దను.”

ఆమె తల్లివైపు చూసింది. తల్లి తల ఊపింది. వెళ్లి కూర్చుంది, వీపు నిటారుగా పెట్టి, పిండి చేతులు ఒళ్లో దాచుకుని. క్విరిన్ కాగితం మీద అంతకుముందు గీసిన కళ్లు రెండూ వేలితో తుడిచేశాడు. గీయబోతూ, అలవాటు చొప్పున, కాస్త విసుగ్గా అన్నాడు.

“అటు కిటికీ వైపు కాదమ్మా. నన్ను చూడండి.”

“మిమ్మల్నే చూస్తున్నానండీ” అంది సిబిల్లా. “ఎదుటివాళ్లకి అలా అనిపించదు.”

క్విరిన్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. అప్పట్లో ఏటి ఒడ్డున బొమ్మ వేసిన గదిలో, సగం తెరిచిన తలుపు ముందు, ఇదే మాట. ఎన్నిసార్లు కసిరాడో. అటెక్కడికో చూస్తావేం, నన్ను చూడు. నిన్నే చూస్తున్నానయ్యా మహానుభావా, పొద్దుటినుంచీ నిన్ను తప్ప ఇంకేం చూశాను అనేది ప్లోనీ, ఆ మూతి ఒక పక్కకి పెట్టి.

ఎడమకన్నుని అది పోతానన్న చోటికే పోనిచ్చాడు. కుడికన్నుని తిన్నగా, ఎదురుగా పెట్టాడు. అంతే. అడ్డేదో తొలగిపోయినట్టు రొట్టెల కాగితం మీద ప్లోనీ వచ్చి నిలబడింది. దిట్టమైన గడ్డం, నవ్వు ఆపుకుంటున్న మూతి. ఎస్సరమ్మ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “ఈవిడే నాయనా, మా అమ్మాయి” అంది.

ముప్పై అయిదేళ్లుగా దేశమంతా ఆ పిల్ల ఎవరికోసం ఎదురు చూస్తోందని అడిగింది. పత్రికాయన రెండు పేజీలు రాశాడు. తనూ నమ్మాడు. ఆమె ఎవరికోసమూ ఎదురు చూడలేదు. దారి వైపు ఒక్కసారీ చూడలేదు. ఎదురుగా నిలబడి బొమ్మ వేస్తున్నవాణ్ణి చూస్తూ, వాడు తనవైపే చూస్తున్నాడనుకుంటూ, కాళ్లు నొప్పి పుట్టేదాకా నిలబడింది.

“నన్నేనా చూసింది” అన్నాడు క్విరిన్. కన్నీళ్లు గడ్డం మీదినుంచి కారుతుంటే తుడుచుకోలేదు.

ఎస్సరమ్మ లేచి కూతురి చెయ్యి పట్టుకుంది. దుకాణంలో ఎవరో వచ్చినట్టున్నారు పద అంటూ నడిపించుకుపోయింది. దుకాణంలోకి ఎవరూ రాలేదు. క్విరిన్ కుర్చీ కాగితానికి ఎదురుగా జరుపుకుని, కుడికన్ను ఎక్కడికి చూస్తోందో సరిగ్గా అక్కడ కూర్చున్నాడు.